మా బొంతలకు కొన్న పెళ్ళిళ్ళ కెమెరా

వ్యాపారం ఇంకా పాకుతూ ఉన్న రోజుల్లో మనిషికి తెలివి ఉండదు, ధైర్యం మాత్రమే ఉంటుంది. మాది అప్పుడు అలాంటి పడుచు కాలం. నాకు యాభై ఆరేళ్ళు, మా బొంతల వ్యాపారానికి ఆరు నెలలు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ బుద్ధి ఉండేదంటే ఇప్పటికీ జవాబు చెప్పలేను. యాభై ఆరేళ్ళంటే పడుచుతనం ఎట్లా అవుతుందని మీరు అనుకోవచ్చు. అనుకోండి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, యాభై దాటాక ఉద్యోగం మాని సొంత పని పెట్టుకున్నదానికి పదహారేళ్ళ ప్రాయం అప్పుడే వస్తుంది. (దాని వెంట వచ్చే పొగరు కూడా అప్పుడే వస్తుంది.) ఇప్పుడు చెప్పబోయేది ఆ పొగరు సంగతే. మధ్యలో ఒక కెమెరా ఉంది కాబట్టి, చిన్న వ్యాపారం పెట్టుకుని సరుకు ఫోటోలకు ఏ కెమెరా కొనాలా అని తల పట్టుకున్నవాళ్ళకు కాస్త పనికి రావచ్చు.

గచ్చిబౌలిలో ఒక అద్దాల ఆఫీసులో పన్నెండేళ్ళు హౌస్‌కీపింగు చేశాను. తెలుగు అక్షరాలు నాకు అక్కడే, అన్నం తినే విరామంలో, గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన దిద్దిస్తే వచ్చాయి. ఇంగ్లీషు మాత్రం రాలేదు. ఆ బోర్డులను బొమ్మల్లాగా గుర్తుపెట్టుకునేదాన్ని. ఆ ఆఫీసులో కాన్పు సెలవు పెట్టబోయే అమ్మాయిలు నన్ను పక్కకు పిలిచి బొంత కుట్టిమ్మని అడిగేవారు. పుట్టిన బిడ్డను కొత్తబట్ట మీద పడుకోబెట్టరు కదా, పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి నూలుచీర మీదే పడుకోబెడతారు. అలాంటి చీరలను ఉడకబెట్టి, ఎండబెట్టి, నాలుగు పొరలు పరిచి, చేత్తో దగ్గరదగ్గరగా కుడితే బొంత. ఒకరికి కుట్టిస్తే ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. చివరికి ఉద్యోగం మానేసి, పుప్పాలగూడలో మా కిరాయి ఇంట్లోనే బొంతల పని మొదలుపెట్టాను. మా తోటికోడలు అప్పటికి అదే ఆఫీసులో పనిచేస్తూ, ఖాళీ దొరికినప్పుడు నాతో కుట్టేది. నిజం చెప్పాలంటే నా కుట్టు కంటే దాని కుట్టే అందం. (ఈ మాట దానికి ఇంతవరకు చెప్పలేదు, ఇక్కడ రాశానని కూడా చెప్పను.)

అట్లా ఉండగా నల్లగండ్లలో చంటిపిల్లల సామాను అమ్మే ఒక దుకాణం మేడం మా బొంతను ఎవరింట్లోనో చూసి కబురు పెట్టింది. రాయలసీమ మనిషి, మాట తిన్నగా ఉంటుంది. నేను మా గదిలో ట్యూబులైటు కింద ఫోన్‌తో తీసిన ఫోటోలు చూపించాను. వాటిలో బొంత కన్నా దాని వెనకున్న గ్యాసుబండే బాగా కనిపిస్తోంది.

"కుట్టు బలే ఉందక్కా, ఫోటోలే బాగలేవు," అంది మేడం. "నా దగ్గరికి నడిచొచ్చే వాళ్ళు తక్కువ, ఫోన్లో చూసి అడిగే వాళ్ళే ఎక్కువ. ముప్పై బొంతలకు మంచి ఫోటోలు తీసి తీసుకురా. జనానికి నచ్చితే ఇంక నెలనెలా మీరు కుట్టినవన్నీ నేనే తీసుకుంటా."

నెలనెలా అన్న మాట చెవిన పడగానే నేను సగం భూమ్మీద లేను. ఇంటికి రాగానే తోటికోడలితో, "రేపే పోయి ఇగ రానని చెప్పెయ్," అన్నాను.

"ఫోటోలు కానియ్యక్కా. ఆమె తీసుకున్నంక చెప్త."

"ఏందే, నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

నమ్మకం లేదని పెద్ద తోటికోడలి ముఖం మీద చెప్పగలిగినది మా ఇళ్ళల్లో ఇంకా పుట్టలేదు. మర్నాడు పోయి మెడలోని కార్డు తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టి వచ్చింది. మళ్ళీ వస్తానంటే చోటు ఉంటుందో లేదో చెప్పలేనన్నాడట ఆయన. ఇంక ఆ ముప్పై ఫోటోలు బాగా రాకపోతే దాని పొయ్యి మీద గిన్నె పెట్టాల్సింది నేనే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో వినండి.

మా కోడలు ఒక ఆఫీసులో రిసెప్షన్లో కూర్చుంటుంది, తక్కువ మాట్లాడుతుంది. "కెమెరా ఎందుకు అత్తమ్మా? పొద్దుగాల ఎండ ముదరకముందు డాబా మీద పరిచి నా ఫోన్‌తోని తీద్దాం. ఫోను సాలు, వెలుతురే గావాలె," అంది.

"ఫోన్‌తోని తీస్తే ఫోన్ల తీసినట్టే ఉంటది బిడ్డా. వ్యాపారమంటే ఆట గాదు," అన్నాను. ఆ మాట ఎంత బాగా వచ్చిందో అని నాకే ముచ్చటేసింది. ఇప్పుడు తలచుకుంటే, కోడలు చెప్పింది అక్షరాలా నిజమైన సలహా. కానీ దాంట్లో ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఖర్చు లేని సలహా మీద నాకు ఆ రోజుల్లో గౌరవం ఉండేది కాదు.

ముందు ఒక మాల్‌లో కెమెరాల దుకాణానికి పోయాను. అక్కడ అమ్మే అతను మంచివాడే. దేనికి వాడతారమ్మా అని అడిగి, నేను చెప్పేలోపే ఒక కెమెరా చేతిలో పెట్టి, దూరంగా కొమ్మ మీద వాలిన పిట్ట కన్ను కూడా ఇందులో కనిపిస్తుందన్నాడు.

"నాయినా, నేను తీసేది బొంత. అది కొమ్మ ఎక్కదు, ఎగిరిపోదు. నేల మీద పరిస్తే పరిచినట్టే ఉంటది," అన్నాను.

ఇంకొకటి తీశాడు. అది బాగానే ఉంది కానీ ముందర గుండ్రంగా బోడిగా ఉంది. లెన్సు వేరేగా కొనుక్కోవాలట. "ఏంది, కన్ను పీకేసి తలకాయ అమ్ముతున్నవా?" అన్నాను. పక్కనున్న కొనేవాళ్ళు నవ్వారు, అతను నవ్వలేదు. తలకాయ ధర ఒకసారి, కన్ను ధర ఒకసారి చెప్పాడు. విన్నాక ఆ కెమెరాను, నిద్రపోతున్న పసిబిడ్డను తల్లికి అప్పగించినంత మెల్లగా అతని చేతిలో పెట్టి బయటికి వచ్చాను.

మా వీధి చివర ఒక ఫోటోస్టూడియో ఉండేది. ఆ స్టూడియో ఆయన్ను అందరూ పెళ్ళిళ్ళ తమ్ముడు అనేవారు. పెళ్ళిళ్ళలో ఇప్పుడు గాల్లో ఎగిరే కెమెరాలు కావాలంటున్నారని పాతవి అమ్మేస్తున్నాడు. నేను పోయి అతని పాత కెమెరాను చేతిలోకి తీసుకుని ముందు బరువు చూశాను. మా ఇళ్ళల్లో ఇత్తడి బిందె కొన్నా, రోకలి కొన్నా బరువు చూసే కదా కొంటాం. ఇది మంచి బరువుంది. వేలితో తట్టి చూశాను, గట్టిగా ఉంది. (కెమెరాను తట్టి చూసినదాన్ని అతను ఏమనుకున్నాడో అప్పుడు ఆలోచించలేదు.) ధర కూడా మేము కుట్టుబల్ల కోసం దాచుకున్న దాంట్లో వచ్చేస్తుంది. ఇంకేం, సగం నచ్చేసింది. మిగిలిన సగం అతను నచ్చజెప్పాడు, అదీ ఒక్క మాట మాట్లాడకుండా. కెమెరా నావైపు తిప్పి, టిక్కుమనిపించి, వెనక తెర చూపించాడు.

ఆ తెరలో ఒకామె ఉంది. గోధుమరంగు ఒళ్ళు, బుగ్గ మీద మంగు లేదు, కళ్ళ కింద నలుపు లేదు, నా ముక్కుపుల్ల మాత్రం పెట్టుకుంది. ఎవరీమె అని అడగబోయి ఆగిపోయాను.

"ఇది నేనేనా తమ్మీ?"

"నువ్వు గాక ఇంకెవరమ్మా? కెమెరా మంచిదైతే మనిషి మంచిగ కనపడ్తది."

అంతే, ఇంకో ప్రశ్న అడగలేదు. బొంతను తీసి చూపించమనలేదు. మిషను కొంటే గుడ్డ కుట్టి చూస్తాం, పొయ్యి కొంటే వెలిగించి చూస్తాం. బొంతల కోసం కెమెరా కొనడానికి పోయి నా మొహం చూసుకుని కొనుక్కొచ్చాను. వచ్చేటప్పుడు అతను, "లోపల అంతా సెట్ చేసి పెట్టిన, ఏ బటన్ ముట్టకు. చూసుడు, ఒత్తుడు, గంతే," అని చెప్పాడు. ముట్టమన్నా ముట్టేదాన్ని కాదు. లోపల తెరిస్తే అంతా ఇంగ్లీషు. నాకు రాదని ఇంకొకరికి చెప్పడం నాకు ఇంగ్లీషు కంటే కష్టం.

డాబా మీద బొంతలు పరిచి ముప్పై ఫోటోలు తీశాను. తోటికోడలు తెరలోకి తొంగి చూసి నోరు తెరిచింది. "అక్కా, ఇది మనం కుట్టిందేనా? పాత చీరలన్నీ కొత్తగయినయ్ గదా!"

"మంచి కెమెరాల గట్లనే వస్తది," అన్నాను.

సాయంత్రం కోడలు వచ్చి చూసింది. బొంతను ఒకసారి, తెరను ఒకసారి చూసింది. "అత్తమ్మా, రంగు మారింది. ఇది ఇటుకరంగు గదా, ఇండ్ల గులాబీ లెక్క కనపడ్తుంది."

"నీ కండ్లకు జర కంప్యూటర్ ఎక్కువైంది బిడ్డా," అన్నాను. కోడలు ఫోటోలను మేడం ఫోనుకు పంపించి, చేతులు కడుక్కుని అన్నం వండుకోవడానికి పోయింది.

ఫోటోలు పెట్టిన వారంలోనే పన్నెండు బొంతలు అమ్ముడుపోయాయి. తోటికోడలు, నేను దుకాణానికి సంచి మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాం. ఆ వారం నేను నడిచిన నడకను మీరు చూడాల్సింది. కూరగాయల బండి దగ్గర కూడా నేను బేరం ఆడలేదు, నెలనెలా ఆర్డరు ఉన్నదాన్ని కదా. తరువాత వారం మేడం ఫోను చేసి, ఇద్దరినీ ఒకసారి రమ్మంది. గొంతు బాగాలేదు. పోయేసరికి గల్లాపెట్టె పక్కన తొమ్మిది బొంతలు మడిచిపెట్టి ఉన్నాయి. మేడం ఒకటి విప్పి, పక్కన తన ఫోను పెట్టింది.

"నువ్వే చూడక్కా. ఫోటోలో గులాబీరేకు మాదిరుంది, వచ్చింది ఇటుకరాయి. ఇది ఫోటోలో వెన్నముద్ద, చేతికొస్తే పచ్చి పసుపు. ఒకటి చూపించి ఒకటి పంపించినావని నన్ను మోసగత్తె అంటున్నారు. నేనేమని చెప్పేది వాళ్ళకు?"

తప్పు ఒప్పుకోవడానికి నాకు ఎప్పుడూ కొంత సమయం పడుతుంది. "ఫోటో సరిగ్గనే ఉన్నది మేడం. మీ దుకాణంల లైట్లే మంచిగ లేవు," అన్నాను.

మేడం బొంతను చంకన పెట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో దాన్ని విప్పి పట్టుకుంది. ఇటుకరంగు. ఆటోవాళ్ళు కూడా ఆగి చూశారు. నా నోట మాట రాలేదు. (మా ఆయన బతికుంటే ఆ క్షణం చూడటానికి ఊరందరినీ పిలిచేవాడు.)

"శుక్రవారం లోపల ఉన్నదున్నట్టు ఫోటోలు తీసియ్యి. లేదంటే ఈ తొమ్మిదే కాదు, మీ ఇంట్లో మిగిలినవి కూడా నాకొద్దు. మీ కుట్టు బాగుంది గాబట్టి ఇంకోసారి అడుగుతాండా, మళ్ళా అడగను," అంది మేడం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తోటికోడలు ఆ తొమ్మిది బొంతల సంచిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. గచ్చిబౌలి దాటాక మెల్లగా అడిగింది: "అక్కా, సూపర్‌వైజర్‌కు ఫోన్ చెయ్యనా? ఇంకా ఎవర్నీ పెట్టుకోలేదేమో."

"శుక్రవారం దాకా ఆగు," అన్నాను. మునుపటిలాగా నమ్మకం లేదా అని అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆటో దిగి నేరుగా స్టూడియోకు పోయి కెమెరాను బల్ల మీద పెట్టాను. "ఏందిది? నా బొంతలన్నీ తెల్లగైనయ్! దీని నోట్ల అబద్ధం తప్ప నిజం రాదా?"

పెళ్ళిళ్ళ తమ్ముడు తాపీగా కెమెరా తెరిచి ఏదో నొక్కి చూశాడు, చూసి నవ్వాడు. "అమ్మా, ఇది పెండ్లిపిల్లలను తీసిన కెమెరా. నల్లగున్న పిల్లను నల్లగ చూపిస్తే నాకెవరన్న పైసలిస్తరా? ఒళ్ళు తెల్లగ రావాలె, మచ్చలు మాసిపోవాలె, పసుపు బట్టలు మెరవాలె. గందుకే లోపల గట్ల సెట్ చేసి పెట్టిన. ఇన్నేండ్లల్ల ఉన్న రంగు ఉన్నట్టే గావాలని అడిగింది నువ్వొక్కదానివే."

"మరి కొన్ననాడు నాకెందుకు చెప్పలే?"

"చెప్దామనే అనుకున్న. నీ ఫోటో చూసుకున్నంక నువ్వేం అడగలే గదమ్మా."

అవి తీసెయ్యమన్నాను. అతను ఆ సెట్టింగులన్నీ తీసేశాడు. తీసేశాక నా వైపు తిప్పి ఒక ఫోటో తీసి చూపించబోయాడు. వద్దన్నాను.

మర్నాడు పొద్దున ఎండ ఇంకా లేతగా ఉన్నప్పుడు అందరం డాబా ఎక్కాం. మా వీధికి నేరుగా ఎండ వచ్చేది ఆ కాసేపే. పొద్దెక్కితే ఎదురుగా ఉన్న టవర్ల నీడ మీద పడుతుంది. కోడలు కూడా సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. ఒక తెల్ల దుప్పటిని ఎండకు అడ్డంగా పట్టుకుంటే బొంత మీద పడే వెలుతురు మెత్తగా అవుతుందని చెప్పి, తోటికోడలికి ఒక చెంగు ఇచ్చి, తను ఒక చెంగు పట్టుకుంది. మధ్యలో తన ఫోన్‌తో కూడా ఒక ఫోటో తీసి, నా కెమెరా తెర పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకలాగే ఉన్నాయి. కోడలు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

అయితే తోటికోడలికి ఇంకా దిగులు తీరలేదు. "ఇప్పుడు సరిగ్గనే వచ్చింది గానీ, కొనేటోళ్ళకు ఎట్ల తెలుస్తదక్కా? ఒక్కసారి అబద్ధమైనంక మన ఫోటోను ఎవరు నమ్ముతరు?" అంది. ఇంతలో గాలికి బొంత అంచు లేచింది. నేను వంగి ఒక చేత్తో దాన్ని నొక్కిపట్టి, రెండో చేత్తో బటన్ నొక్కాను. ఫోటోలో ఒక మూల నా చెయ్యి పడింది. నల్లటి చెయ్యి, ఫినాయిల్ నీళ్ళకు పగిలిన వేళ్ళు, సూది గుచ్చుకున్న బొటనవేలు.

"చెయ్యి పడ్డది, కట్ చేస్త," అని కోడలు తెర దగ్గరికి వచ్చింది.

తోటికోడలు దుప్పటి వదిలేసి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని తెర పక్కన పెట్టింది. దాన్ని చూసింది, దీన్ని చూసింది. "కట్ చెయ్యకు. అక్క చెయ్యి ఏ రంగున్నదో గట్లనే పడ్డది. చెయ్యి నిజమైతే బొంత గూడ నిజమే. మేడంకు అక్క చెయ్యి చూపిస్తది, ఆమె చూసుకుని కొనేటోళ్ళకు చెప్తది."

నేను ఒక్క నిమిషం అని కిందికి దిగి, అద్దం ముందున్న పౌడరు డబ్బా తీసి చేతికి కాస్త రాసుకుని వచ్చాను. నా బుద్ధి అంత త్వరగా మారేది కాదు. తోటికోడలు నా చెయ్యి వాసన చూసింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నాకు ఎదురు మాట్లాడని మనిషి, ఆ పొద్దున డాబా మీద వేలు చూపించి, "పోయి సబ్బు పెట్టి కడుక్కో," అంది. పోయి కడుక్కుని వచ్చి, ప్రతి బొంత మూలా ఆ చెయ్యి పెట్టి ఫోటో తీశాను.

శుక్రవారం మేడం ఫోటోలు చూసి, ఈ చెయ్యెవరిదని అడిగింది. నాదేనని బల్ల మీద పెట్టాను. ఫోను పక్కన పెట్టి చూసి, మళ్ళీ చూసి నవ్వింది. "ఇట్లే ఉండనీ అక్కా. కింద ఒక మాట రాస్తా, కుట్టినామె చెయ్యి, బొంత రెండూ ఉన్న రంగులోనే ఉన్నాయని." వెనక్కి వచ్చిన తొమ్మిదీ మళ్ళీ అమ్ముడుపోయాయి, ఇటుకరంగును ఇటుకరంగుగానే ఇష్టపడేవాళ్ళు లోకంలో లేకపోలేదు. తరువాత కొన్నాళ్ళకు సూపర్‌వైజరే తోటికోడలికి ఫోను చేసి, చోటు ఖాళీగా ఉంది వస్తవా అని అడిగాడు. అది సూది పళ్ళ మధ్య పట్టుకుని, చేతులు ఖాళీ లేవన్నా అని ఫోను పెట్టేసింది.

కాబట్టి కెమెరా కొనబోయేవాళ్ళకు నేను మొహమాటం లేకుండా చెప్పేది ఇది. ముందు మీ ఫోనును పొద్దుటి వెలుతురులోకి తీసుకుపోండి, సగం మందికి అదే చాలు. చాలకపోతే పాతదైనా కొనుక్కోండి, తప్పు లేదు. కానీ ఇదివరకు అది ఏం తీసిందో అడగండి, మీ సరుకును దుకాణంలోనే తీసి, బయట ఎండలో పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీ మొహం మాత్రం తీయనివ్వకండి.

ఇప్పుడు ఫోటోలన్నీ తోటికోడలే తీస్తుంది. మొన్న కెమెరా దించి, "అక్కా, నీ చెయ్యి ముడుతలు పడ్డది, మీద మచ్చలొచ్చినయ్, పాత ఫోటోలకు కలుస్తలేదు. ఇగ నా చెయ్యి పెడ్త," అంది. నాకు కోపం వచ్చింది. గదిలోకి పోయి, రుజువు చూపిద్దామని కోడలి కంప్యూటర్లో నా చెయ్యి పడిన ఆ మొదటి ఫోటో తీయించాను. చూస్తే, ఆ పొద్దున గాలి పెద్దగా లేనేలేదు. బొంత అంచు ఏదో కొంచెం లేచి ఉంటుంది. ఆ చెయ్యి మాత్రం అయిదు వేళ్ళూ చాపి, బొంతతో పాటు డాబా కూడా ఎగిరిపోతుందేమో అన్నట్టు, మొత్తం బరువు వేసి నొక్కిపట్టి ఉంది. అంత గట్టిగా నొక్కక్కర్లేదే పిల్లా, అని దానికి చెప్పాలనిపించింది. బయటికి వచ్చి తోటికోడలితో, "సరే, నీ చెయ్యే పెట్టు," అన్నాను. "సబ్బు పెట్టి కడుక్కున్నవా?"